ప్యాడక్‌లో రాలిన ఆకులు, ఎండుగడ్డి ఎంత ఉంచాలి?

పైవాలు:
అందరికీ నమస్కారం. మేం ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో సదరన్ టేబుల్‌ల్యాండ్స్ వైపు ఒక చిన్న గొర్రెల ఫారం చూసుకుంటున్నాం. వెనక ప్యాడక్‌లో (కంచె వేసిన మేత పొలం) ఎల్లో బాక్స్, బ్లేక్‌లీస్ రెడ్ గమ్ అనే యూకలిప్టస్ చెట్లు దూరదూరంగా ఉన్నాయి. ఆ నేల ఎప్పుడూ దున్నలేదు, ఎరువు కూడా పెద్దగా పడలేదని చెప్పారు. చెట్ల కింద ఆకులు, బెరడు, విరిగిపడ్డ కొమ్మలు, దుబ్బుల మధ్య పోయినేటి ఎండుగడ్డి. పక్క ఫారం పెద్దాయన వచ్చి చూసి, ఇదంతా కుప్పేసి తగలబెట్టండి, మందను వదిలి నేల దాకా మేపేయండి, వాన పడితే కొత్త గడ్డి అదే వస్తుంది అన్నారు. కానీ పైవాలులో అలా మేపిన చోట నేల బయటపడిపోయింది, మొన్న గట్టి వాన కురిస్తే నీళ్లు ఎర్రగా కారిపోయాయి. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. చెత్త ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి? లెక్క ఏమైనా ఉందా?

ఎర్రమట్టి:
ముందు ఆ అగ్గిపెట్టె పక్కన పెట్టండి, దయచేసి.

లెక్క ఉంది, చాలా సులువు. బూటు ముందు కొనమీద ఒక గీత పెట్టుకోండి. ప్యాడక్‌లో అడ్డంగా నడుస్తూ 100 అడుగులకు 100 సార్లు ఆ గీత కింద ఏముందో రాసుకోండి: పచ్చిగడ్డి, రాలిన చెత్త, రాయి, ఉత్త నేల. ఉత్త నేల 30 దాటిందంటే మట్టి కొట్టుకుపోవడం మొదలవుతుంది. అంటే కనీసం 70 శాతం నేల మీద ఏదో ఒక కప్పు ఉండాలి, మీ పైవాలు లాంటి చోట ఇంకా ఎక్కువ కావాలి. చినుకు నేరుగా నేల మీద పడితే పైపొర బిగుసుకుపోయి నీళ్లు లోపలికి ఇంకవు, అదే ఎండుగడ్డి మీద పడితే జోరు తగ్గి మెల్లగా దిగుతుంది. ఆ 70 మట్టి నిలవడానికి మాత్రమే సుమా, పురుగూ పిట్టా బతకడానికి అది చాలదు.

చాలామంది పొరపడేది ఇంకొకటి ఉంది. చెత్తను రాలినప్పుడు చూసుకుందాం అనుకుంటారు, కానీ అసలు నిర్ణయం మందను ప్యాడక్ నుంచి ఎప్పుడు బయటికి తోలారన్న దగ్గరే అయిపోతుంది. ఈ ఏడు మీరు దుబ్బు మీద వదిలిన గడ్డే ఎండి, గొర్రెల కాళ్ల కింద విరిగి, వచ్చే ఏడుకి నేల మీద కప్పు అవుతుంది. నేల దాకా మేపేస్తే వచ్చే ఏడు రాలడానికి ఏమీ మిగలదు, పైగా వేళ్లు కూడా చిన్నబోతాయి. కాబట్టి గడ్డి ఇంకా ఉంది కదా అనిపించినప్పుడే మందను తీసేయండి, కంగారూ గడ్డి అనే ఇక్కడి దేశీ దుబ్బుగడ్డి గింజ వేసే వేసవిలో వీలైతే పూర్తిగా వదిలేయండి.

దుంగమీదిబల్లి:
కొమ్మల గురించి నేను చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పడ్డ దుంగను కట్టెలకి లాక్కెళ్లకండి. దాని పక్కన గాలికి కొట్టుకొచ్చిన ఆకులు ఆగుతాయి, తేమ నిలుస్తుంది, గొర్రె మూతి అందని మూలల్లో మొక్కలు లేస్తాయి. కాన్‌బెర్రా దగ్గర మలిగన్స్ ఫ్లాట్, గూరూయారూ రిజర్వుల్లో పరిశోధకులు దాదాపు 2,000 టన్నుల దుంగలు తెచ్చి పరిచారు, కొన్నిచోట్ల కంగారూల మేత కూడా తగ్గించారు. ఆ రెండు పనులూ అక్కడి పెంకు పురుగుల రకాలకు మేలు చేశాయి. మీ దగ్గర ఊరికే పడి ఉన్నదాన్ని అక్కడ లారీల్లో తోలుకోవాల్సి వచ్చిందండి! ఇంకోమాట, ఈ బాక్స్-గమ్ అడవులు 2006 నుంచి కేంద్ర పర్యావరణ చట్టం కింద అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉన్నాయి, దున్నని ప్యాడక్ అంటున్నారు కాబట్టి మీదీ అందులోకి రావచ్చు. నరకడం, కాల్చడం ముందు కనుక్కోండి.

గింజలసంచి:
పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం అనుకోకండి. మెల్‌బోర్న్ దగ్గర డెరిమట్ గడ్డినేలలో మంట గానీ మేత గానీ లేకుండా వదిలేసిన చోట, 11 ఏళ్లకు కంగారూ గడ్డి తన ఎండుగడ్డి కిందే ఊపిరాడక దుబ్బులకు దుబ్బులే చచ్చిపోయింది. దుబ్బుల మధ్య పూసే చిన్న మొక్కలకు కాస్త వెలుతురు, కాస్త ఖాళీ కావాలి. మీది పలచని నేల, మంద కూడా తిరుగుతోంది కాబట్టి ఆ భయం ఇప్పట్లో లేదు, గుర్తుంచుకోండి చాలు.

గొర్రెలు మధ్యాహ్నం నీడకు పడుకునే చెట్టు కింద కూడా చూడండి. అక్కడ పేడ, మూత్రం చేరి నేలలో నైట్రేట్ పెరిగిపోతుంది, కేప్‌వీడ్, తిస్టిల్ లాంటి ఏడాది కలుపు దాన్ని పట్టుకుని లేస్తుంది. అది ఎండాకాలానికి చచ్చి, సరిగ్గా మీకు కప్పు కావాల్సినప్పుడే నేలను ఖాళీగా వదిలేస్తుంది. అలాంటి చోటుకి బయటి ఎండుగడ్డి తెచ్చి పరిస్తే కొత్త కలుపు గింజలు ఉచితంగా వస్తాయి. నీళ్లతొట్టిని అక్కడి నుంచి దూరంగా జరపండి.

పైవాలు:
ఈరోజు పొద్దున వెళ్లి లెక్కపెట్టాను. పైవాలులో 100కి ఉత్త నేల 46! కింద దుబ్బులున్న చోట 12 మాత్రమే. ఒకే ప్యాడక్‌లో ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు. కొమ్మలు ఎక్కడివక్కడే ఉంచుతాం. ఒక్క సందేహం, మందను తీసేసినా సాయంత్రం కంగారూలు వచ్చి ఆ వాలులోనే మేస్తున్నాయి, ఏం చేయాలి?

ఎర్రమట్టి:
46 ఎక్కువేనండి, ఈ వారమే మందను దించేయండి. కంగారూల సంగతి అందరికీ ఉన్నదే, లేత చిగురు ఎక్కడుంటే అక్కడికే వస్తాయి. ఆ పెద్ద కొమ్మల్లో కొన్నింటిని వాలుకి అడ్డంగా, ఉత్త నేల మీద చిందరవందరగా పడేయండి. నీళ్లు, ఆకులు అక్కడ ఆగుతాయి, కొమ్మల మధ్య మేయడం వాటికీ కష్టమే. వాలు పైభాగం, కిందిభాగం ఎప్పుడూ విడివిడిగా లెక్కపెట్టండి, కలిపి సగటు తీస్తే ఆ 46 మీకు కనబడకుండా పోతుంది.

పైవాలు:
రేపే గేటు మూస్తున్నాం. శరదృతువు వానలు పడ్డాక అవే 100 అడుగులు మళ్లీ నడిచి ఇక్కడే రాస్తాను.