ఇంటర్ అబ్బాయికి బస్ పాస్ – కాలేజీ అప్రూవల్ ఆగితే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. పిల్లలిద్దరూ హనుమకొండలో చదువుతున్నారు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి పాపకు టెన్షన్ లేదు, ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ జీరో టికెట్. బాబుకేమో రోజూ రానూపోనూ టికెట్టే. ఒకే ఇల్లు, ఒకే బస్సు!

స్టూడెంట్ పాస్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేశాం. కాలేజీ వాళ్లు అప్రూవ్ చేయాలట. మూడు వారాలైంది, అడిగితే రేపు రమ్మంటున్నారు. బోనఫైడ్ పట్టుకుని నేరుగా డిపోలో పాస్ కౌంటర్‌కి వెళ్తే ఇస్తారా? ఇంకోటి, పల్లెవెలుగు పాస్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పూర్తి టికెట్ తీసుకోవాలా, తేడా కడితే చాలా? పొద్దున పల్లెవెలుగు దొరకడమే కష్టం. ఈ మధ్య పాస్ తీసుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.