ప్రైడ్ నెల ఫ్లెక్సీ: ఒక తెలుగు మాట, ఒక ఊదా రంగు దగ్గర ఆగింది

జూన్‌లో నెల్లూరులో పెట్టడానికి 6×3 అడుగుల ఫ్లెక్సీ, స్వలింగ సంపర్కుల హక్కుల చరిత్ర మీద. తేదీలతో ఇబ్బంది లేదు: 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ మీద పోలీసుల దాడికి ఎదురుతిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు, 1999లో జూన్‌ని ప్రైడ్ నెలగా అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అధికారిక ప్రకటన, అదే ఏడు జులై 2న కోల్‌కతాలో మన దేశపు మొదటి ప్రైడ్ నడక. ఇక స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377: 2009లో ఢిల్లీ హైకోర్టు అది నేరం కాదంది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న తానే సరిదిద్దుకుంది. చాలామంది 2013ని ఎగరగొట్టేస్తారు. అది లేకపోతే 2018 తీర్పు ఎందుకు అవసరమైందో ఎవరికీ ఎక్కదు.

చిక్కల్లా 'ప్రైడ్' దగ్గరే. 'గర్వం' అంటే మన వైపు పొగరనే అర్థం చేసుకుంటారు. 'ఆత్మగౌరవం' బాగుంది గానీ రాజకీయ వాసన కొడుతుంది. 'ప్రైడ్' అనే ఉంచేయమంటారా?

రెండోది, డీటీపీ షాపుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లే. యూనికోడ్ మేటర్ అతికిస్తే 'కోర్టు'లో ట ఒత్తు పక్కకి జరిగిపోతుంది. అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇస్తే సరిపోతుందా, అనూలోకి కన్వర్ట్ చేసి మళ్లీ ప్రూఫ్ దిద్దాలా?

ఆరు రంగుల ప్రైడ్ జెండాలో ఆరో రంగు ఊదా ప్రింటులో నీలంగా పడుతుంది. సయాన్ (లేత నీలం) ఇంకు కంటే మెజెంటా (ముదురు గులాబీ) 30 శాతమైనా ఎక్కువ పెట్టాలంటారు. ఫ్లెక్సీ మెషీన్ల మీద అది చాలుతుందా? వేయించినవాళ్లు అంకెలు చెప్పండి.