సమస్యాపూరణం: కఠినుఁ డైనవాఁడె కరుణఁ జూపు

విశాఖపట్నం పద్యమిత్రులకు ఈ వారం ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం. ఇంగ్లీషు ‘స్ట్రిక్ట్’ మాటకు గల అర్థం పూరణలో పలకాలన్నది ఒక్కటే నియమం.

పెదవాల్తేరు సభ్యుని పూరణ:

మోకు బిగియఁ గట్టి మునుగనీయఁడు నావ
గాలివాన వేళఁ గాచువాఁడు;
వలదు వేట యనుచు వారించుఁ గడలిపై;
కఠినుఁ డైనవాఁడె కరుణఁ జూపు.

పరిశీలన: ‘స్ట్రిక్ట్’కు లాటిన్ మూలంలో బిగించి కట్టడమనే అర్థం, జలసంధిని చెప్పే ‘స్ట్రెయిట్’, హద్దు విధించే ‘రిస్ట్రిక్ట్’ దాని తోబుట్టువులే కనుక, మోకుతో ఎత్తుకోవడంలోనే ఆ మూలం పద్యంలోకి వచ్చేసింది. మన ‘కట్టుబాటు’, ‘కట్టుదిట్టం’ కూడా కట్టు నుండి పుట్టినవే గాని, ‘కఠినం’ మాత్రం రాతి గట్టిదనం. ఆ లెక్కన సమస్య ఇచ్చిన నేనే కొంత జారాను. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా చేపల రేవులో మరపడవలు మోకులకే ఉండిపోయే 61 రోజుల వేట నిషేధాన్ని మూడవ పాదం తలపిస్తున్నది. గుడ్లు పెట్టే చేపకు ఆ కట్టడే కరుణ. అయితే ముందే ‘గాలివాన వేళ’ అనేసినందువల్ల ఆ అర్థానికి తలుపు సగమే తెరుచుకున్నది.

గాజువాక సభ్యురాలి పూరణ:

స్ట్రిక్టు పంతులనుచుఁ జిరుబుర్రులాడితి
తప్పు దిద్దినపుడు తల్లడిల్లి;
నేఁడు బిడ్డ పలక నేను దిద్దుచుఁ గంటి
కఠినుఁ డైనవాఁడె కరుణఁ జూపు.

పరిశీలన: సకార జకారాలకు మైత్రి ఉన్నందున మొదటి పాదంలో యతి చెల్లుతుంది. మనవాళ్లు ‘స్ట్రిక్టు’ అనగానే కోపిష్ఠి అనుకుంటారు గాని, గొంతు పెంచకుండానే మనిషి స్ట్రిక్టుగా ఉండవచ్చు; ఇక్కడ చిరుబుర్రులాడినది శిష్యురాలే, పంతులు కాదు. అది చక్కటి ఎరుక. రెండవ పాదంలో తప్పెవరిదో తేలలేదు.

సభ్యురాలి జవాబు: ఆర్యా, ‘తప్పు నాది యైనఁ దల్లడిల్లి’ అని సవరించాను.

పరిశీలన: ఇప్పుడు పద్యం నిలిచింది.

భీమిలి సభ్యుడు మూడవ పాదాన్ని ‘కట్టు వదలనట్టి దయగల మనిషి’ అన్నారు. కకార దకారాలకు యతి కుదరదు, చివర ఇంద్రగణమూ పడలేదు. ‘కట్టు వదలనట్టి కరుణార్ద్రహృదయుండు’ అంటే రెండూ సరిపోతాయి. ‘స్ట్రిక్ట్ వెజిటేరియన్’లోని స్ట్రిక్టుకు తెలుగేమిటని కూడా వారడిగారు: అక్కడ కఠినమూ కాదు, కట్టుదిట్టమూ కాదు, ‘నిష్ఠ’ అనాలి.