యక్కా విరగబూస్తోంది, కాయ మాత్రం నిలవట్లేదు

ప్రశ్న (హైదరాబాద్): పెరట్లో యక్కాకు (కత్తుల్లాంటి ఆకుల అలంకరణ మొక్క) పెద్ద పూగెల వచ్చింది. పూలన్నీ రాలిపోతున్నాయి. కాయ నిలవడానికి బోరాన్ పోషకం కొట్టాలా?

జవాబు: వద్దండి, లోపం మొక్కది కాదు. యక్కాకు పుప్పొడి మోసేవి టెజెటిక్యులా అనే చిన్న చిమ్మటలు. అవి ఉత్తర అమెరికావి, మన దగ్గర లేవు. ఆడ చిమ్మట నోటి దగ్గరి మీసాల్లాంటి భాగాలతో పుప్పొడిని ఉండ చేసి, ఇంకో పువ్వు అండాశయంలో గుడ్డు పెట్టి, ఆ ఉండలో కొంత కీలాగ్రపు (పుప్పొడి అందుకునే కొన) గుంటలోకి కూరుతుంది. ఇక్కడ ఆ పని మీరే చేయాలి.

చీకటి పడ్డాక, అప్పుడే విచ్చిన పువ్వు చూసుకోండి. కేసరాల కొనల మీది జిగట పుప్పొడిని టూత్‌పిక్‌తో తీసి, పువ్వు నడుమ ఉన్న కీలం కొన గుంటలోకి గట్టిగా నెట్టండి. బ్రష్‌తో పైపైన రాస్తే లాభం లేదు, పుప్పొడి అందాల్సిన చోటు లోపల ఉంది. పుప్పొడి వేరే మొక్కదైతే మేలు. పక్కన వచ్చిన పిలక వేరే మొక్క కాదు, తల్లిదే. అన్నీ చేసినా చాలా పూలు రాలతాయి, చిమ్మటలున్న సొంత ఎడారిలోనూ అంతే.

మరొకరు: ముందు ఏ యక్కానో చూడండి. అలోయిఫోలియా రకమైతే చిమ్మట లేకున్నా కాయవచ్చు. ఆకు అంచున దారపు పోగులుంటే ఫిలమెంటోసా కావచ్చు, దానికి చేతిపని తప్పదు.

ప్రశ్న (టూసాన్, అరిజోనా): మా యక్కా ఇలాటాకు కాయలున్నాయి కానీ బెజ్జాలు, లోపల పురుగులు. మందు కొట్టనా?

జవాబు: కొట్టకండి. అవి మీ యక్కాకు పుప్పొడి మోసే చిమ్మట టెజెటిక్యులా ఇలాటెల్లా పిల్లలు కావచ్చు. కొన్ని గింజలు తిని, కాయ తొలిచి నేలకు దిగి, మట్టిలో గూడు కట్టుకుంటాయి. వాన, చలి అనుకూలించకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండగలవు. అందుకే మొక్క మొదలు చుట్టూ తవ్వడం, ప్లాస్టిక్ షీటు పరచడం మానండి. పురుగులు పూకాడలో ఉంటే అది ప్రొడాక్సస్, పుప్పొడి మోయని చుట్టం. గింజల జోలికి రాదు, వదిలేయండి.

ప్రశ్న (హైదరాబాద్): పోనీ, ఆ చిమ్మటలనే తెప్పిస్తే?

జవాబు: అనుమతి లేకుండా పురుగులు తేవడం నేరం. పైగా ఏ చిమ్మటా అన్ని యక్కాలకూ పనికిరాదు. అమెరికాలోని మొహావీ ఎడారి జాషువా చెట్లనే చూడండి, అవీ యక్కాలే: పడమటి రకానికి సింథెటికా అనే చిమ్మట, తూర్పు రకానికి దానికన్నా చిన్నదైన ఆంటిథెటికా. పైగా రెక్కలొచ్చిన చిమ్మట బతికేది కొద్ది రోజులే, మీ పూగెల ఆ రోజుల్లోనే విచ్చాలి. టూత్‌పిక్కే చవక.