ఈశ్వరి తీగ ఆకులన్నీ పురుగులు తినేశాయి, మందు కొట్టాలా?

మట్టిచేతులు:
సీతాకోకచిలుకలు, తేనెటీగలు వస్తాయని ఆశపడి నిరుడు మేడ మీద ముద్దబంతి, పెటూనియా పెట్టాను. పువ్వులైతే విరగబూశాయి గానీ ఒక్క తుమ్మెద వాలిన పాపాన పోలేదు. ఈసారి మన నేల మొక్కలే వేద్దామని ఒక కుండీలో ఈశ్వరి తీగ, ఇంకోదాంట్లో శంఖుపుష్పం పెట్టి పిట్టగోడకి తాళ్లు కట్టాను. ఈశ్వరి బాగానే పాకింది. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఆకులన్నీ పోయి కాడలు మిగిలాయి. నల్లగా, ఒంటి నిండా ఎర్రటి బుడిపెలతో, నడుం చుట్టూ తెల్లటి పట్టీతో ఏడెనిమిది పురుగులున్నాయి. వేపనూనె కొట్టేదా? ఇంకో సంగతి, శంఖుపుష్పం గింజలు పది వేస్తే రెండే మొలిచాయి.

తుమ్మిపువ్వు:
ఆగండాగండి, కొట్టకండి! మీరు రమ్మని పిలిచింది వాటినే కదా. మీరు చెప్పిన పోలికని బట్టి అవి కామన్ రోజ్ అనే సీతాకోకచిలుక పిల్లలు అయ్యుంటాయి. ఆ పిల్లలు ఈశ్వరి, దాని చుట్టాల ఆకులు తప్ప ఇంకేవీ తినవు, కాబట్టి ఆ తీగ లేకపోతే అవీ లేవు. ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, అందుకే పిట్టలు వాటి జోలికి రావు. తమాషా ఏంటంటే, కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్ సీతాకోకల్లో కొన్ని ఆడవి ఒంట్లో ఏ విషమూ లేకుండానే అచ్చం వీటి వేషం వేసుకుని బతికేస్తాయి. రెక్కలొచ్చాక చూడండి, ఒళ్లు ఎర్రగా ఉంటే అసలుది, నల్లగా ఉంటే వేషగత్తె. వేరు బాగుంటే తీగ మళ్లీ చిగురిస్తుంది, కానీ ఒక్క తీగ అంతమందికి చాలదు, ఇంకో రెండు పెట్టండి. అన్నట్టు, ఎవరైనా ఆ ఆకు ఇంటివైద్యానికి అడిగితే ఇవ్వకండి, కిడ్నీలు పాడవుతాయి.

పాతకుండీ:
గింజల సంగతి నేను చెప్తా. శంఖుపుష్పం గింజ తోలు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. గరుకు కాగితం మీద ఒకవైపు కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టండి, పొద్దున్నకి ఉబ్బినవి విత్తుకుని ఉబ్బనివి మళ్లీ రుద్దండి. తంగేడు గింజలకీ ఇదే పని. తంగేడు మాత్రం తప్పకుండా పెట్టండి, చోటుంటే నేలలోనే. దాని పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కూడా కొసన చిల్లున్న గొట్టాల్లాంటి కేసరాల్లో దాక్కుని ఉంటుంది. తుమ్మెద వచ్చి పువ్వుని గట్టిగా పట్టుకుని రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా అదిరిస్తుంది, అప్పుడు రాలుతుంది. పక్కన నిలబడి వినండి, ఎగిరేటప్పటి మోతకీ ఈ మోతకీ తేడా చెవికే తెలిసిపోతుంది. తేనె కోసమైతే తుమ్మి, తులసి. ముద్ద పువ్వులు మాత్రం వద్దు, అన్నీ రేకులే, లోపల తినడానికేం ఉండదు.

ఎండమావి:
మా ఇంట్లో తుమ్మి పెంచితే "కలుపు పెంచుతున్నావా" అని రోజూ గొడవే, అది కూడా చెప్పండి మరి! సీతాకోకలు బాగా వస్తాయని లంటానా పెట్టమంటారు కొందరు. వస్తాయి నిజమే, కానీ అది మన మొక్క కాదు, పిట్టలు పళ్లు తిని గింజలు ఎక్కడెక్కడో వేస్తే అడవులే కమ్మేస్తుంది. ఇంకోటి, నేలంతా గచ్చు చేయకుండా కాస్త మట్టి వదిలేయండి, చాలా ఒంటరి తేనెటీగలు గూడు కట్టేది నేలలోనే.

మట్టిచేతులు:
మందు కొట్టలేదు. ఈ పొద్దున లెక్కపెడితే ఐదే కనిపించాయి. ఒకటి తాడుకి ఎండాకులా అతుక్కుపోయి ఉంది, వేలు తగిలితే కాస్త కదిలింది. ఆ తాడు పక్కనే బట్టలు ఆరేస్తాం, కుండీ జరపొచ్చా?

తుమ్మిపువ్వు:
తాడుకి ఉన్నది ఎండాకు కాదు, సీతాకోక కాబోయే ప్యూపా, కుండీ కదపకండి. బట్టలే ఇంకోచోట ఆరేసుకోండి.