పేటెంట్ తీరగానే గ్యాస్ చెడ్డదైపోతుందా?

చల్లగాలి:
ఏసీ పనిలోకి వచ్చి నాలుగేళ్లయింది. పాత ఆర్22 గ్యాస్‌కి వాడే గేజులు తర్వాత వచ్చిన 410ఏ గ్యాస్ ప్రెషర్‌కి పనికిరావంటే కొత్తవి కొన్నాను. చెయ్యి అలవాటు పడేలోపు ఆర్32 వచ్చింది. ఇప్పుడు దాన్నీ తగ్గిస్తారట. మా సీనియర్ ఒకాయన "ఓజోనూ లేదు, పాడూ లేదు. పేటెంట్ గడువు తీరితే పాత గ్యాస్ విషం, కొత్తది అమృతం" అంటాడు. ఇందులో నిజమెంత?

రాగిగొట్టం:
తమ్ముడూ, ముప్పై ఏళ్లు ఇదే పనిలో ఉన్నాను. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను, నలుగురికీ అదే చెప్పాను కూడా. తర్వాత తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరలేదు.

ఫ్రియాన్, అంటే క్లోరిన్ ఉన్న పాత సీఎఫ్‌సీ గ్యాస్, 1930ల నాటి సరుకు. 1987లో ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం కుదిరేనాటికి దాని అసలు పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి. గడువు తీరడమే కారణమైతే దాన్ని తయారుచేసే డ్యూపాంట్ కంపెనీ దాన్ని ఎంతో ముందే వదిలించుకోవాలి కదా? వదలకపోగా పోట్లాడింది. 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఈ గ్యాస్‌లోని క్లోరిన్ ఓజోన్‌ని తినేస్తుందని రాసినప్పటి నుంచీ పరిశ్రమది ఒకటే పాట, రుజువు చాలదని. 1980 దాటాక ప్రత్యామ్నాయాల పరిశోధన కూడా అటకెక్కింది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరకి చిల్లు పడిందని చూపే కొలతలు బయటపడ్డాయి, 1987లో ఒప్పందం వచ్చింది, 1988 మార్చిలో డ్యూపాంట్ సీఎఫ్‌సీల తయారీ మానేస్తామని చెప్పింది.

మీ సీనియర్ చెప్పిన దాంట్లో సగం నిజం ఇక్కడే ఉంది. పాత గ్యాస్ ఎవరైనా చేస్తారు, లాభం పల్చన. దాని బదులు వచ్చిన 134ఏ గ్యాస్ చెయ్యాలంటే కొత్త ప్లాంటు, పెద్ద పెట్టుబడి కావాలి. అవి ఉన్నది కొద్దిమందికే. చట్టమే వచ్చి పాత సరుకుని మార్కెట్ నుంచి తీసేస్తే వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? చిల్లు వాళ్లు కల్పించింది కాదు. పడ్డాక మాత్రం దాన్ని బాగానే వాడుకున్నారు.

ఉలిపిరి:
అన్నా, మరి జపాన్ ఏసీ కంపెనీ డైకిన్ ఆర్32 పేటెంట్లు ఉచితంగా ఇచ్చేసింది కదా? అదేం వ్యాపారం?

రాగిగొట్టం:
కొన్ని పేటెంట్లని 2015లో ప్రపంచమంతటికీ వదిలింది, నిజమే. వాళ్లు అమ్మేది ఏసీలు కూడా. అందరూ ఆర్32 మీదికి వస్తే పనివాళ్లు, విడిభాగాలు, రూల్సు అన్నీ వాళ్ల మిషన్‌కి అనుకూలంగా తయారవుతాయి. అన్నట్టు, 410ఏలో సగం ఆర్32యే. మంట అంటుకోకుండా మిగతా సగం ఆర్125 అనే గ్యాస్ కలిపారు. భూమి వేడిని పట్టి ఉంచే లెక్క, కార్బన్ డయాక్సైడ్‌కి 1 అనుకుంటే, 410ఏకి 2088, ఆర్32కి 675. 2016 కిగాలీ ఒప్పందం తగ్గించమంటున్నది ఈ అంకెనే, ఇక్కడ ఓజోన్ గొడవ లేదు.

పేటెంట్ రాజకీయం చూడాలంటే కార్ల ఏసీ వైపు వెళ్లు. యూరప్‌లో ఆ వేడి లెక్క 150 దాటిన గ్యాస్ కొత్త కార్లలో వద్దన్నారు, 134ఏది 1430. దాని స్థానంలోకి వచ్చిన 1234వైఎఫ్ గ్యాస్ పేటెంట్లు అప్పట్లో హనీవెల్, డ్యూపాంట్ కంపెనీలవి. 2012లో తమ పరీక్షలో అది అంటుకుందని మెర్సిడెస్ కార్లు చేసే డైమ్లర్ మొండికేసింది, గొడవ యూరప్ కోర్టు దాకా వెళ్లింది.

చల్లగాలి:
పేటెంట్ లేని గ్యాసే లేదా అయితే?

రాగిగొట్టం:
ఎందుకు లేదు? ఐసోబ్యూటేన్, ప్రొపేన్. 1990ల మొదట్లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్, మూతపడబోతున్న ఫోరాన్ అనే తూర్పు జర్మనీ ఫ్యాక్టరీ కలిసి వీటితో ఫ్రిజ్ చేస్తే, పెద్ద కంపెనీలు "బాంబు" అని భయపెట్టాయి. ఇవాళ మన ముందుకొచ్చే కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఐసోబ్యూటేనే. అమెరికాలో ఇళ్ల ఫ్రిజ్‌లకి దానికి అనుమతి దొరికింది 2011 చివర్లో. ఆ ఆలస్యంలో భద్రత ఎంత, వ్యాపారం ఎంత అని నన్నడిగితే, వ్యాపారమే ఎక్కువ అంటాను.

అలాగని మంట అబద్ధం కాదు. ఒకసారి ఐసోబ్యూటేన్ ఫ్రిజ్ మీద స్టిక్కర్ చూడకుండా, 134ఏ అనుకుని ప్రాసెస్ ట్యూబ్ (గ్యాస్ ఎక్కించే గొట్టం) దగ్గర వెల్డింగ్ టార్చ్ పెట్టాను. "బుఫ్" అని నీలం మంట. ఉన్నది యాభై గ్రాములే, అయినా నా కనుబొమ్మలు రెండు నెలల దాకా రాలేదు.

చల్లగాలి:
అమ్మో! మా దగ్గర ఆ స్టిక్కర్లు సగం ఊడిపోయి ఉంటాయి.

రాగిగొట్టం:
ఊడిపోతే కంప్రెసర్ ప్లేట్ మీద చూడు, గ్యాస్ పేరు అక్కడా ఉంటుంది. దాని మీద జిడ్డు ఉంటే తుడిచి చదువు. అప్పటిదాకా టార్చ్ వెలిగించకు.