సంతకం పెట్టి మాట తప్పిన దేశాన్ని ఎవరు కొడతారు? టీనేజ్ పిల్లలకి అంతర్జాతీయ ఒప్పందాలు చెప్పిన అనుభవాలు

కైకలూరు సోషల్ మాస్టారు
అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఇరవై ఏళ్ళ సర్వీసు. మొన్న తొమ్మిదో తరగతిలో మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు చెప్తూ 51వ అధికరణం దగ్గరికొచ్చాను. అంతర్జాతీయ శాంతి, ఒప్పందాల మీద గౌరవం, తగాదాలు మధ్యవర్తిత్వంతో తీర్చుకోవడం అని నోట్సు రాయిస్తున్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, సంతకం పెట్టి మాట తప్పితే దేశాన్ని ఎవరు కొడతారు?" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వేసి తప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. "ఐక్యరాజ్యసమితి ఉందిగా" అంటే అబద్ధమవుతుంది. "ఎవరూ లేర్రా" అంటే రేపట్నుంచి ఆ పాఠం ఎవడూ వినడు. ఈ వయసు పిల్లలతో ఇలాంటివి మాట్లాడినవాళ్ళు ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో చెప్పండి. చార్టులు, స్లోగన్లు మాత్రం వద్దు. మా స్టాఫ్ రూము బీరువా మీద చాలా ఉన్నాయి, బల్లులు గుడ్లు పెడుతున్నాయి.

వరంగల్ ఫ్రిజ్ మెకానిక్
సార్, నేను టీచర్ను కాదు, ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్త. మా బిడ్డ పదో తరగతి. ఓజోన్ డే అని భూమికి గొడుగు పట్టినట్టు బొమ్మ గీసుకుంట కూసుంది. "ఇదేంది?" అంటే "1987ల మాంట్రియల్ ఒప్పందం నానా, ఓజోన్ పొరను పాడుచేసే గ్యాసులను బందు చేసేది" అని గడగడ చదివింది. షాపుకు తోల్కపోయి ఒక పాత ఫ్రిజ్, ఒక కొత్త ఫ్రిజ్ పక్కపక్కన తిప్పి, వెనక రేకు మీద ఏం రాసుందో చదవమన్న. పాతదాని మీద ఆర్-12, కొత్తదాని మీద ఆర్-600ఎ. నేను పని నేర్చుకునేటప్పుడు ఆర్-12 గ్యాస్‌ను బుస్సుమని గాలిల ఇడిసిపెట్టేటోళ్ళం. తప్పని ఎవ్వరు చెప్పలే. 2010 నుంచి ఆ గ్యాస్ మన దేశంల తయారు చేసుడు బందైంది. అదే నీ పుస్తకంల ఉన్న ఒప్పందం బిడ్డా అన్న. గొడుగు బొమ్మ పక్కన పడేసి రేకు మీద అక్షరాలు దించుకుంది.

మీ పిలగాని ప్రశ్నకు నా లెక్కల జవాబు గిది: ఎవ్వరు కొట్టలే. సరుకు దొరకకుండ చేసిన్రు, గంతే. ఇప్పుడు ఏసీలల్ల ఉన్న ఆర్-22 వంతు నడుస్తున్నది. 2030కి అదీ ఖతం.

బెజవాడ లాయరు
మెకానిక్ గారు అసలు కీలకం పట్టుకున్నారు. ఒప్పందంలో చేరని దేశాలతో ఆ గ్యాసుల వ్యాపారమే చెయ్యకూడదని అందులోనే రాసుకున్నారు. బయట ఉంటే నష్టం. ఇక మనం వెంటనే చేరలేదు. "ఓజోన్‌కి చిల్లు పెట్టింది మీరు, ఖర్చు మేం భరించాలా?" అని చైనాతో కలిసి పట్టుబట్టాం. 1990లో లండన్ సమావేశంలో పేద దేశాలకి డబ్బు సాయం చేసే నిధి ఒకటి పెట్టారు, గడువు కూడా ఎక్కువిచ్చారు. 1992లో చేరాం. బేరమాడి చేరాం అని చెప్తే పిల్లలు కళ్ళు విప్పుకుని వింటారు. "భారతదేశం ఎల్లప్పుడూ ప్రపంచ సంక్షేమం కోరింది" అంటే ఆవలిస్తారు.

కూకట్‌పల్లి నాన్న
నా గోడు కూడా వినండి. మా అబ్బాయి స్కూల్లో (పేరు వద్దులెండి) మోడల్ యునైటెడ్ నేషన్స్ అని, పిల్లలు తలో దేశం తరఫున వాదించే పోటీ పెట్టారు. ఫీజు, దానికి తోడు కోటు, టై. వాడికి నార్వే వచ్చింది. రెండు రోజులు నార్వే తరఫున ఇంగ్లీషులో దంచేసి, బెస్ట్ డెలిగేట్ కప్పుతో వచ్చాడు. "శరణార్థుల గురించి మాట్లాడాను డాడీ" అన్నాడు. సరే, మన దేశం ఆ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టిందా అని అడిగాను. నార్వే సంగతి చెప్పాడు గానీ మన సంగతి తెలీదు. మనం పెట్టలేదు. పెట్టకుండానే టిబెటన్లకి చోటిచ్చాం, శ్రీలంక తమిళుల్ని ఏళ్ళ తరబడి క్యాంపుల్లో ఉంచుకున్నాం. సంతకం లేకపోయినా బాధ్యత ఉంటుందా, లేక బాధ్యత మెడకి చుట్టుకోకూడదనే సంతకం పెట్టలేదా? ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ ఒక్క ప్రశ్న మీద గంట వాదించుకున్నాం. కప్పు కంటే అదే మేలనిపించింది, కోటు డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

సిక్కోలు టీచరమ్మ
మాది సముద్రం ఒడ్డు ఊరు. మా పిల్లల నాన్నలు, బాబాయిలు సగం మంది గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. ఇక్కడ జెట్టీలుండవు, పని ఉండదు, అదో పెద్ద కథ. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయింది అందరికీ తెలుసు కదా, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు.

అప్పుడు నా ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి మేనమామ అందులో ఉన్నాడు. ఆ పిల్ల అడిగింది ఒక్కటే: "మా మావయ్య ఉన్నాడో లేడో ఎలా తెలుస్తది టీచర్?" మాటల్తో ఓదార్చే బదులు ఆ పిల్లకి తేదీలు చెప్పాను. రెండు దేశాలూ 2008లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న మీ జైల్లో ఉన్న మావాళ్ళు, మా జైల్లో ఉన్న మీవాళ్ళు అని జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మత్స్యకారులకి అందులో వేరే లెక్క. ఎంత తిట్టుకుంటున్నా ఆ రెండు రోజులూ కాగితం చేతులు మారుతుంది. ఆ పిల్ల క్యాలెండర్‌లో జులై 1కి గుండ్రం చుట్టింది. ఆ గుండ్రం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఆ జాబితాతోనే మొదలెడతాను. జనవరి 1న మరో జాబితా కూడా మారుతుంది, అణు కేంద్రాలది. వాటి మీద దాడి చెయ్యకూడదని 1988లో రాసుకున్నారు. 1992 నుంచి ఏటా ఇచ్చుకుంటున్నారు. కార్గిల్ అప్పుడూ ఆగలేదు. ఎందుకాగలేదో మీరే చెప్పండర్రా అని వదిలేస్తాను. పోయినేడు ఒకడు, "మాటిస్తే నిలబెట్టుకోవాలని కాదు టీచర్, మనం ఆపితే వాళ్ళూ ఆపేస్తారని" అన్నాడు. కైకలూరు మాస్టారూ, మీ వెనక బెంచీ కుర్రాడికి ఇది చెప్పి చూడండి.

అనంతపురం గురువు
అంతా బానే ఉంది. మరి సింధు జలాల సంగతి? 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్తాన్‌తో ఉన్న ఆ నదీజలాల ఒప్పందాన్ని మనమే పక్కన పెట్టాం. మా క్లాసులో దీనిమీద కొట్టుకున్నంత పని చేశారు. సగం మంది "నెత్తురు పారితే నీళ్ళెందుకివ్వాలి?" అన్నారు. మిగతావాళ్ళు "రైతులేం చేశారు?" అన్నారు. కరువు సీమ పిల్లలు కదా, నీళ్ళంటే మాటలు వేడెక్కుతాయి. నా వైపు చూశారు. ఏం చెప్పినా ఒక పక్షంలో పడతాను. సాయంత్రానికి ఎవరో ఒక తండ్రి ఫోన్ చేస్తాడు కూడా. ఏం చెయ్యమంటారు?

బెజవాడ లాయరు
తీర్పు చెప్పకండి. కాగితం ముందు పెట్టండి. 1960లో కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు, మధ్యన ప్రపంచ బ్యాంకు ఉంది. రెండు ప్రభుత్వాలూ కలిసి ఇంకో ఒప్పందం రాసుకుంటే తప్ప ఇది రద్దవదని చివరి అధికరణంలోనే ఉంది. మన ప్రభుత్వం వాదన, ఉగ్రవాదాన్ని ఆపనంతవరకూ పక్కన పెడతామని. పాకిస్తాన్ వాదన, ఒక్కళ్ళే అలా చెయ్యడానికి వీల్లేదని. రెండూ బోర్డు మీద రాసి, ఎవరు ఏ పక్షమో చీటీలు వేసి పంచండి. "నెత్తురు" అన్నవాడికి రెండో పక్షం చీటీ రావాలి. చీటీలు మీరే వేస్తారుగా!

మీ పిల్లలకి కృష్ణా గొడవ ఎలాగూ తెలుసు. మన రాష్ట్రాలు కొట్టుకుంటే ట్రిబ్యునల్ ఉంది, బచావత్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 టీఎంసీలు అని తేల్చాడు, పైన ఢిల్లీ ఉంది. దేశాలు కొట్టుకుంటే పైన ఎవరూ లేరు. ఈ తేడా తెలిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

ఇంకోటి. మనం ఓడిపోయి కూడా ఒప్పుకున్న కేసు ఒకటుంది, అది తప్పకుండా చెప్పండి. బంగాళాఖాతంలో సరిహద్దు మీద బంగ్లాదేశ్‌తో తగాదా. 2014 జులైలో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకిచ్చేసింది. మనకి నౌకాదళం ఉంది, వాళ్ళకంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా సరేనన్నాం. ఎందుకన్నామో పిల్లల్ని రాయమనండి, అర పేజీ చాలు. ఇదే తెలివి తర్వాత ఇటలీ కేసులోనూ మనకి పనికొచ్చింది. 2012లో కేరళ తీరంలో ఇటలీ నావికులు మన జాలర్లనిద్దర్ని కాల్చి చంపారు. వాళ్ళని విచారించే హక్కు ఇటలీదని ట్రిబ్యునల్ చెప్పినా, నష్టపరిహారం ఇవ్వాలంది. 10 కోట్లు కట్టారు, 2021లో సుప్రీంకోర్టు కేసు మూసింది. పిల్లలకి ఈ తీర్పు నచ్చదు. నచ్చకపోవడమూ మంచిదే.

ఇంటర్ పిల్ల తల్లి
మా ఇంట్లో ఈ ఒప్పందాలు వేరే రకంగా దిగాయి. బాలల హక్కుల ఒప్పందం మీద మా అమ్మాయికి ప్రాజెక్టు ఇచ్చారు. 1992లో మన దేశం చేరింది, 54 అధికరణాలు అని రాసుకుంటూ 12 దగ్గర ఆగింది. తనకి సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని ఉంది అక్కడ. మర్నాడు ఫ్రిజ్ మీద చీటీ: "12వ అధికరణం. నాకు ఎంపీసీ వద్దు." కింద ఇంకో వరస: "31వ అధికరణం. ఆదివారం స్టడీ అవర్ వద్దు." మా ఆయన చదివి, "దీన్ని మనం సంతకం పెట్టలేదు, దేశం పెట్టింది" అన్నారు. "దేశమంటే ఎవరు నానా?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

చివరికి హెచ్‌ఈసీలో చేర్చాం. ఆదివారం సగం పూట గెలుచుకుంది. (మా అత్తగారు మాత్రం ఇప్పటికీ ఆ ఒప్పందాన్ని గుర్తించలేదు.)

డాలస్ బావ
తల్లిగారూ, ఆ ఒప్పందంలో చేరని దేశం ఐక్యరాజ్యసమితిలో ఒక్కటే, మేముండేదే. మా వాడు సంబరపడిపోయి, "అంటే నాకు హక్కుల్లేవా?" అని వారం రోజులు నన్ను ఏడిపించాడు. వాతావరణ మార్పు మీద పారిస్ ఒప్పందంలోనైతే వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్తామని 2025 జనవరిలో ఉత్తర్వు. వాడికి చెప్పడం నా వల్ల కాక, మన భారతదేశం 2070కి నెట్ జీరో (వదిలే కర్బనం, పీల్చేసే కర్బనం సమానం) అంది చూడరా అని గొప్పలు పోయాను. వాడు వెతికి, కరెంటు సామర్థ్యంలో సగం బొగ్గు కానిదే అయినా తయారయ్యే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదేనని తేల్చి నా మొహాన కొట్టాడు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు అని నలభై ఐదేళ్ళకి నేర్చుకున్నాను.

చిలకలపూడి రిటైర్డ్ హెడ్మాస్టరు
కైకలూరు మాస్టారూ, అంతా చదివాను. ఊళ్ళో పెళ్ళి పెట్టుకుని పొరుగూరి బాజాలు వింటారేంటండీ? మీ కాళ్ళ కిందే ఉంది కొల్లేరు. చిత్తడి నేలల గురించి 1971లో ఇరాన్‌లో రామ్సర్ అనే ఊళ్ళో రాసుకున్న ఒప్పందం కింద 2002లో దాన్ని జాబితాకెక్కించారు. మీ పిల్లలకి "ఐదో కాంటూరు" (కొల్లేరు అభయారణ్యం హద్దు) అన్న మాట తెలీకుండా ఉంటుందా?

కైకలూరు సోషల్ మాస్టారు
తెలుసండీ హెడ్మాస్టరు గారూ. తెలిసే దాటేశాను. నా క్లాసులో సగం మంది చెరువుల మీద బతికేవాళ్ళే. 2006లో కొల్లేట్లోని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పొక్లెయిన్లతో కొట్టేసినప్పుడు ఎవరి తాత అప్పుల్లో పడ్డాడో వాళ్ళకి తెలుసు. కొల్లేరు గురించి మాట్లాడితే పాఠం కాదు, పంచాయతీ అవుతుందని భయం.

అయినా సోమవారం ధైర్యం చేశాను. టీచరమ్మ చెప్పినట్టు ప్రశ్న వాళ్ళకే వదిలాను: కొల్లేరుని పాడుచేస్తే మనల్ని ఎవరు కొడతారు? రామ్సర్ వాళ్ళ దగ్గర చెడిపోతున్న చెరువులకి వేరే జాబితా ఉంటుందని, పక్కనే ఒడిశాలో చిలికా 1993లో అందులోకెక్కి, ముఖద్వారం తవ్వి బాగుచేసుకుని 2002లో బయటపడిందని చెప్పాను. అదే వెనక బెంచీ కుర్రాడు (వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువుంది) లేచి, "అంటే కొట్టరు, పేరు రాస్తారు. మన క్లాసు లీడర్ బోర్డు మీద రాసినట్టు" అన్నాడు. క్లాసు లీడర్‌కి పౌరుషం వచ్చింది. తర్వాత వాడే, "మరి మా గట్టు కొట్టినప్పుడు మాకేమిచ్చారు సార్? ఓజోన్‌కి నిధి పెట్టారన్నారుగా" అన్నాడు. పైన లాయరు గారు చెప్పింది నేనే వాడికి చెప్పాను, అదే తిప్పి నా మీద వేశాడు. జవాబు చెప్పలేదు. బోర్డు మీద వాడి ప్రశ్న రాసి ఉంచాను, ఇంకా చెరపలేదు.

వచ్చే శనివారం కొల్లేటి పక్షుల్ని చూపించడానికి ఆటపాక తీసుకెళ్తున్నాను, నలభై రెండు మంది. గూడబాతులు ఈ నెలాఖరు దాకా ఉంటాయా? ఎవరైనా ఈ మధ్య వెళ్ళారా?

చిలకలపూడి రిటైర్డ్ హెడ్మాస్టరు
మార్చి దాకా ఫర్వాలేదు. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే పిల్లలు పక్షుల్ని చూడరు, ఐస్ బండిని చూస్తారు. ఆ కుర్రాణ్ణి పడవలో మీ పక్కన కూర్చోబెట్టుకోండి.